మౌంట్‌బాటన్ ఇంటిపేరు అసలు ఎక్కడిది? జర్మనీ వాళ్ళేనా?

గోదారి_గట్టు

అందరికీ నమస్తే. వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది, మన ఆఖరి వైస్రాయ్ మౌంట్‌బాటన్ బ్రిటిష్ వాడే కాదు, జర్మనోడు, దొంగచాటుగా పేరు మార్చుకుని ఇంగ్లండ్‌లో దూరిపోయాడు అని ఒకటే ఊదరగొడుతున్నారు అందులో. స్కూల్లో మౌంట్‌బాటన్ ప్లాన్, జూన్ 3, 1947 అని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాం గానీ ఈ ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఇంతకీ అందులో నిజమెంత, మసాలా ఎంత?

పెసరట్టు_ప్రియుడు

పేరు మార్చుకున్నది నిజం బ్రో. దొంగచాటు మాత్రం కాదు, సాక్షాత్తూ రాజుగారే మార్చుకోమన్నాడు. మిగతాది పాత_పేపర్ మాస్టారు వచ్చి చెప్తారు, వెయిటింగ్.

ఫ్లైట్_మోడ్

ఇందులో పెద్ద మిస్టరీ ఏముంది, ఇంగ్లండ్‌లో ప్లిమత్ దగ్గర మౌంట్ బాటన్ అని ఊరే ఉంది కదా, ఎయిర్‌ఫోర్స్ బేస్ కూడా ఉండేది అక్కడ. ఆ ఊరి పేరే ఇంటిపేరు అయ్యుంటుంది, మనకి కూచిపూడి, నిడదవోలు అని ఇంటిపేర్లు లేవా.

పాత_పేపర్

ప్లిమత్ దగ్గరున్న మౌంట్ బాటన్‌కీ ఈ కుటుంబానికీ ఏ సంబంధమూ లేదు నాయనా. అది 1600ల్లో ఇంగ్లండ్ అంతర్యుద్ధం నాటి బాటన్ అనే నౌకాధికారి పేరు మీద వచ్చింది. పేర్లు కలిశాయంతే.

అసలు పేరు బాటెన్‌బర్గ్. జర్మన్‌లో బెర్గ్ అంటే కొండ, దాన్ని ఇంగ్లీషులో మౌంట్ చేసి ముందుకి తెచ్చి, బాటెన్‌ని వెనక్కి నెట్టారు. ఇది జరిగింది 1917లో. బాటెన్‌హిల్ అని పెడదామా అని కూడా కాసేపు ఆలోచించారట, ఎవరికీ నచ్చలేదు.

బాటెన్‌బర్గ్ అనేది ఊరి పేరే, ఆ మాట వరకూ ఫ్లైట్_మోడ్ గారు దగ్గరికే వచ్చారు, కాకపోతే దేశం వేరు. జర్మనీలో హెస్సె ప్రాంతం ఉత్తరాన ఏడర్ అనే నది పక్కన చిన్న ఊరు. మధ్యయుగాల్లో బాటెన్‌బర్గ్ కౌంట్లు అని ఒక వంశం అక్కడ ఏలింది, 1300ల మొదట్లోనే ఆ వంశం అంతరించిపోయింది. మన మౌంట్‌బాటన్‌కీ ఆ పాత కౌంట్లకీ రక్తసంబంధం లేదు. ఐదు వందల ఏళ్ళు అలా గాల్లో ఉన్న బిరుదుని 1851లో బయటికి తీసి ఒక అమ్మాయికి ఇచ్చారు, అక్కడ మొదలైంది ఈ ఇంటిపేరు. ఆ అమ్మాయి కథ అసలు కథ, రాత్రి కూర్చుని రాస్తాను.

వరంగల్_వాసి

మాస్టారూ గిట్ల సగంల ఆపితే ఎట్ల, చెప్పుండ్రి జల్ది.

లీడ్స్_లో_లక్ష్మి

అయ్యో బాటెన్‌బర్గ్ అంటే ఇక్కడ మాకు కేకండీ! సూపర్‌మార్కెట్‌లో అన్నిచోట్లా దొరుకుతుంది. కోసి చూస్తే లోపల గులాబీ రంగు గడి, పసుపు గడి, మళ్ళీ గులాబీ, పసుపు, చదరంగం బల్లలాగా నాలుగు గళ్ళు, చుట్టూ బాదం ముద్దతో పల్చటి పొర. తియ్యదనం మాత్రం నోరు కట్టేస్తుంది, మా పిల్లలు ఆ బాదం పొర ఊడదీసి పక్కన పెట్టి లోపలిదే తింటారు. ఇంకో తమాషా, ఇక్కడ పోలీసు కార్ల మీద నీలం పసుపు గళ్ళు, అంబులెన్సుల మీద ఆకుపచ్చ పసుపు గళ్ళు ఉంటాయి కదా, దూరం నుంచి కనబడాలని 1990ల్లో తెచ్చిన డిజైన్, దాన్ని కూడా బాటెన్‌బర్గ్ మార్కింగ్స్ అనే అంటారు, ఈ కేక్ పోలికతోనే. ఇన్నేళ్ళుగా ఆ కార్లు చూస్తున్నా గానీ మన వైస్రాయ్ గారి ఇంటిపేరు అని మాత్రం తట్టలేదు.

డౌట్ల_దొర

కేక్‌కి ఆ పేరెందుకు వచ్చింది మరి?

లీడ్స్_లో_లక్ష్మి

1884లో బాటెన్‌బర్గ్ ప్రిన్స్ లూయిస్ పెళ్ళికి చేశారని, నాలుగు గళ్ళు నలుగురు అన్నదమ్ములకి గుర్తని ఇక్కడ అందరూ చెప్తారు. ఆధారం ఏమీ లేదు దానికి, పాత వంటపుస్తకాల్లో దొరికే తొలి రెసిపీలు 1890ల చివరివి, వాటిల్లో కొన్నిట్లో గళ్ళు తొమ్మిది. అప్పుడు తొమ్మిదిమంది అన్నదమ్ములు కావాలి మరి.

పాత_పేపర్

సరే, కూర్చున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

హెస్సె డార్మ్‌స్టాట్ అని ఒక చిన్న రాజ్యం ఉండేది, గ్రాండ్ డ్యూక్‌ల పాలన. ఆ ఇంటి ఆడపిల్ల మేరీ రష్యా యువరాజుని చేసుకుంది, ఆయనే తర్వాత జార్ రెండో అలెగ్జాండర్. చెల్లితో పాటు అన్న ప్రిన్స్ అలెగ్జాండర్ కూడా రష్యా వెళ్ళి సైన్యంలో చేరి బాగానే పైకొచ్చాడు. ఆ చెల్లికి పరిచారికగా ఉన్న అమ్మాయి పేరు జూలియా హౌకె. ఆమె తండ్రి సాక్సనీలో పుట్టిన జర్మనే గానీ పోలండ్ సైన్యంలో జనరల్ అయ్యాడు, 1830 నవంబరులో వార్సాలో తిరుగుబాటు మొదలైన రాత్రే తిరుగుబాటుదార్లు ఆయన్ని నడివీధిలో కాల్చి చంపేశారు, జార్ పక్షం వాడని. తల్లి కూడా ఎక్కువ కాలం బతకలేదు. దిక్కులేని పిల్లని రష్యా రాజకుటుంబం తమ పోషణలోకి తీసుకుంది, అలా కొలువులోకి వచ్చింది.

వీళ్ళిద్దరూ ప్రేమించుకున్నారు. జార్ మొదటి నికొలస్ ససేమిరా అన్నాడు. ఇద్దరూ చెప్పకుండా వెళ్ళిపోయి 1851 అక్టోబరు 28న బ్రెస్లౌలో పెళ్ళి చేసేసుకున్నారు, అది ఇప్పుడు పోలండ్‌లో వ్రొత్సవాఫ్. అలెగ్జాండర్ కొలువు పోయింది. జూలియా కులీన కుటుంబమే అయినా రాచకుటుంబం కాదు కదా, అప్పటి జర్మన్ రాజ్యాల్లో దీన్ని ఎడమచేతి పెళ్ళి అనేవాళ్ళు. పెళ్ళి చెల్లుతుంది, పిల్లలు సక్రమ సంతానమే, కాకపోతే భార్యకీ పిల్లలకీ తండ్రి హోదా, వంశనామం, సింహాసనం మీద హక్కు ఏవీ రావు. మన జమీందార్ల ఇళ్ళల్లో ఇష్టంలేని పెళ్ళి చేసుకున్న కొడుక్కి ఏదో ఓ మూల మాన్యం రాసిచ్చి పెద్దింటి గడప తొక్కొద్దు అనేవాళ్ళే, అలాంటి ఏర్పాటు. మరి ఆమెని ఏమని పిలవాలి? అలెగ్జాండర్ అన్నగారు గ్రాండ్ డ్యూక్ మూడో లుడ్విగ్ తన రాజ్యంలో ఖాళీగా పడున్న పాత బిరుదొకటి తీసి ఆ నవంబరులోనే జూలియాని బాటెన్‌బర్గ్ కౌంటెస్‌ని చేశాడు, 1858లో ప్రిన్సెస్‌ని చేశాడు. పిల్లలందరూ తల్లి బిరుదుతో బాటెన్‌బర్గ్‌లు అయ్యారు.

అంటే చూడండి, ఇది తండ్రి నుంచి వచ్చిన ఇంటిపేరే కాదు, తల్లి నుంచి వచ్చింది, ఆ తల్లి కూడా ఆ ఊరి మనిషి కాదు.

ఇంక పిల్లలు ఎక్కడెక్కడ పుట్టారో వినండి. రష్యా కొలువు పోయాక అలెగ్జాండర్ ఆస్ట్రియా సైన్యంలో చేరాడు, ఉత్తర ఇటలీలో చాలా భాగం అప్పుడు ఆస్ట్రియా చేతిలో ఉంది. పెద్దమ్మాయి మేరీ జెనీవాలో, లూయిస్ గ్రాజ్‌లో, అలెగ్జాండర్ వెరోనాలో, హెన్రీ మిలాన్‌లో, ఆఖరివాడు ఫ్రాంజ్ జోసెఫ్ పాదువాలో. ఐదుగురు బాటెన్‌బర్గ్‌లు, ఒక్కరూ బాటెన్‌బర్గ్‌లో పుట్టలేదు! ఇంకా విచిత్రం, 1866లో ప్రష్యా అనే పెద్ద జర్మన్ రాజ్యంతో జరిగిన యుద్ధంలో హెస్సె ఓడిపోయాక ఆ ఊరున్న ప్రాంతమంతా ప్రష్యాకి పోయింది. పేరు వీళ్ళది, ఊరు పరాయి రాజ్యానిది.

పెసరట్టు_ప్రియుడు

ఇది ఇంటిపేరు కాదు మాస్టారూ, ఫ్యాన్సీ నంబర్ ప్లేట్ 😄

డార్మ్‌స్టాట్_డైరీ

నేను ఇక్కడే యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాను, మనవాళ్ళు చాలామందే ఉన్నారు ఈ ఊళ్ళో. మాస్టారు చెప్పిన కుటుంబం కాపురం పెట్టింది డార్మ్‌స్టాట్‌కి దక్షిణాన యూగెన్‌హైమ్ అనే ఊళ్ళో, హైలిగెన్‌బర్గ్ అనే బంగళా. డార్మ్‌స్టాట్ నుంచి ట్రామ్‌లోనే పోవచ్చు, స్టాప్‌లో దిగి కొండెక్కాలి, అంత పెద్దదేం కాదు గానీ చలికాలంలో ఆకులు తడిసి కాళ్ళు జారతాయి. కోటలాంటిది ఊహించుకుని వెళ్తే మాత్రం నిరాశే, పసుపురంగు గోడలతో నాలుగువైపులా కట్టిన పెద్ద ఇల్లులా ఉంటుంది, మధ్యలో వాకిలి. కొంచెం అవతల చెట్ల మధ్య అలెగ్జాండర్, జూలియాల సమాధి ఉంది, ఇంకా పైన పెద్ద బంగారు రంగు శిలువ, అది అలెగ్జాండర్ వాళ్ళ అమ్మ జ్ఞాపకంగా పిల్లలు పెట్టించింది. ఎండాకాలం వస్తే జార్ దంపతులు ఇక్కడికే వచ్చేవాళ్ళు, అన్నాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు ఆగలేదు, గొడవపడింది మామగారు నికొలస్‌తోనే కదా.

బాటెన్‌బర్గ్ ఊరికి కూడా ఒకసారి వెళ్ళాను, ఫ్రెండ్‌కి పక్కూరు అల్లెన్‌డార్ఫ్‌లో ఇంటర్న్‌షిప్ వస్తే తోడు వెళ్ళి. ఇళ్ళల్లో హీటింగ్ బాయిలర్లు చేసే వీస్‌మన్ కంపెనీ అక్కడిదే, ఆ చుట్టుపక్కల ఎవరిని కదిపినా దాని గురించే చెప్తారు. బాటెన్‌బర్గ్‌లో జనాభా 5 వేల చిల్లర. కొండవాలు, కర్రదూలాలు బయటికి కనబడే పాత మునిసిపాలిటీ భవనం, చుట్టూ అడవి, ఆదివారం కావడంతో టీ దుకాణం కూడా తెరిచి లేదు.

వరంగల్_వాసి

మంచిగున్నది. గని ఒక్క ముచ్చట, గీ జర్మనీ పిలగాండ్లు ఇంగ్లండుకు ఎట్ల వోయిండ్రు?

పాత_పేపర్

పెద్దకొడుకు లూయిస్‌కి సముద్రం పిచ్చి. హెస్సెకి సముద్రమే లేదు, జర్మనీ నేవీ అప్పటికి నామమాత్రం. హెస్సె ఇంటి కోడలు ఆలిస్, విక్టోరియా రాణి కూతురు, ఆవిడ సలహాతో 1868లో పద్నాలుగేళ్ళకి ఇంగ్లండ్ వెళ్ళి బ్రిటిష్ పౌరుడై రాయల్ నేవీలో చేరాడు. 1875-76లో వేల్స్ యువరాజు ఇండియా పర్యటనకి సెరాపిస్ అనే ఓడలో వస్తే ఇతనూ వెంట వచ్చాడు, బొమ్మలు బాగా గీసేవాడు, పర్యటన బొమ్మలు లండన్ పత్రికకి పంపాడు. అంటే మన మౌంట్‌బాటన్ వైస్రాయ్‌గా రావడానికి డెబ్బై ఏళ్ళ ముందే వాళ్ళ నాన్న ఇండియా చూసెళ్ళాడు. 1884లో ఆ ఆలిస్ కూతురు విక్టోరియానే పెళ్ళి చేసుకున్నాడు. వీళ్ళ ఆఖరి కొడుకే మన వైస్రాయ్, 1900 జూన్ 25న విండ్సర్‌లో పుట్టాడు. పుట్టినప్పుడు పేరు బాటెన్‌బర్గ్ ప్రిన్స్ లూయిస్, ఇంట్లో డిక్కీ.

మూడో కొడుకు హెన్రీ ఇంకో దారి. 1885లో విక్టోరియా రాణి ఆఖరి కూతురు బియాట్రిస్‌ని చేసుకున్నాడు. రాణిగారి షరతు ఒకటే, కూతురు నన్నొదిలి పోకూడదు, ఇల్లరికం ఉండాలి అని. ఉన్నాడు. పదేళ్ళకి విసుగొచ్చిందో ఏమో అశాంటీ రాజ్యం మీద యుద్ధానికి ఆఫ్రికా పోతానని బయల్దేరాడు, అక్కడ మలేరియా తగిలి 1896లో తిరుగు ప్రయాణంలో ఓడ మీదే పోయాడు.

రెండోవాడు అలెగ్జాండర్ ఏకంగా బల్గేరియాకి రాజు అయ్యాడు, 1879లో. ఇరవై రెండేళ్ళు! రష్యా మేనమామ కుటుంబం అండతో గద్దెనెక్కి, తర్వాత వాళ్ళతోనే చెడి, 1886లో దిగిపోయాడు. హార్టెనౌ కౌంట్ అని ఇంకో పేరు పెట్టుకుని ఒక గాయనిని పెళ్ళి చేసుకుని గ్రాజ్‌లో స్థిరపడ్డాడు, 1893లో పోయాడు. సోఫియాలో పెద్ద సమాధి ఉంది.

డౌట్ల_దొర

మాస్టారూ, జార్ రెండో అలెగ్జాండర్ భార్య మేరీ బల్గేరియా రాజుకి మేనత్త కదా, నాన్నకి చెల్లి. మేనమామ అంటారేంటి?

పాత_పేపర్

మేనత్త మొగుడు మామయ్యే కదయ్యా మన లెక్కలో. గద్దెనెక్కించింది ఆ మామయ్య, 1881లో ఆయన బాంబుదాడిలో పోయాక కొడుకు మూడో అలెగ్జాండర్‌తో చెడింది. బావమరుదులు.

లీడ్స్_లో_లక్ష్మి

హెన్రీ కూతురు ఈనా స్పెయిన్ రాణి అయింది, అది కూడా రాయండి ఎవరైనా. 1906లో పెళ్ళైన రోజే ఊరేగింపు మీద పూలగుత్తిలో దాచిన బాంబు విసిరారు, దంపతులు బతికారు గానీ చుట్టూ చాలామంది చనిపోయారు. ఇప్పటి స్పెయిన్ రాజు ఆరో ఫెలిపె ఆమె మునిమనవడే. స్పెయిన్‌లో తండ్రి ఇంటిపేరు పక్కన తల్లి ఇంటిపేరు కూడా రాస్తారు కదా, అందుకని ఫెలిపె తాతగారు జీవితాంతం హువాన్ దె బోర్బోన్ ఇ బాటెన్‌బర్గ్. ఇంగ్లండ్‌లో 1917లో తీసేసిన పేరు స్పెయిన్‌లో అలాగే నడిచింది.

గోదారి_గట్టు

వామ్మో. అడిగింది ఒక ఇంటిపేరు, వస్తోంది యూరప్ మ్యాపు. 1917లో ఏం జరిగింది మరి, అది చెప్పండి ఎవరైనా.

యుద్ధం_నోట్స్

ఇది నా ఏరియా, నేను రాస్తాను.

1912 డిసెంబరు నుంచి లూయిస్ బాటెన్‌బర్గ్ ఫస్ట్ సీ లార్డ్, అంటే బ్రిటిష్ నేవీకి వృత్తిపరంగా పెద్దదిక్కు. 1914 జులైలో నౌకాదళం మొత్తం టెస్ట్ మొబిలైజేషన్ అని, అంటే యుద్ధానికి రిహార్సల్ లాగా, పోగుపడి ఉంది, ఇక ఎవరి రేవుకి వాళ్ళు వెళ్ళిపోవాల్సిన టైము. జులై 26 ఆదివారం, నేవీ మంత్రి చర్చిల్ ఊళ్ళో లేడు. సెర్బియా సంగతి ముదురుతోందని చూసి లూయిస్ తనే ఆర్డర్ ఇచ్చాడు, ఎవరూ కదలొద్దు అని. పది రోజుల్లోపే జర్మనీతో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది, నేవీ రెడీగా ఉంది. ఇంత చేసినవాణ్ణి ఏం చేశారు? పేపర్లు, ఆకాశరామన్న ఉత్తరాలు, క్లబ్బుల్లో గుసగుసలు, పేరు జర్మన్, యాస జర్మన్, ఇతను గూఢచారి అని. అప్పుడు మొదట్లో కొన్ని ఓడలు కూడా మునిగాయి, ఇంక ఆగలేదు. 1914 అక్టోబరు 28న రాజీనామా చేశాడు, నా పుట్టుక వల్ల నా పనికి అడ్డం వస్తోంది అన్న ధోరణిలో ఉత్తరం రాసి. తేదీ గమనించారా, వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళిరోజు అది, కాకతాళీయమే అనుకోండి.

డిక్కీకి అప్పుడు పద్నాలుగు, నేవీ కాలేజీలో ఉన్నాడు. మీ నాన్న గూఢచారంట, లండన్ టవర్ జైల్లో పెట్టారంట అని తోటి పిల్లలు ఏడిపించేవాళ్ళు. ఆ పదవి నేను ఎక్కి చూపిస్తా అని అప్పుడే అనుకున్నాడని చెప్తారు. 1955 ఏప్రిల్‌లో ఎక్కాడు కూడా, అదే ఫస్ట్ సీ లార్డ్ పదవి.

1917కి వచ్చేసరికి పరిస్థితి ఇంకా ఘోరం. బ్రిటన్ రాజవంశం పేరే సాక్స్-కోబర్గ్-గోథా, అచ్చం జర్మన్ పేరు. ఆ జూన్ 13న లండన్ మీద పట్టపగలు బాంబులేసిన జర్మన్ విమానాల పేరు గోథా, 162 మంది చచ్చిపోయారు, పాప్లర్‌లో ఒక స్కూలు మీద పడి చిన్నపిల్లలు 18 మంది. రాజుగారి ఇంటిపేరూ బాంబర్ పేరూ ఒకటే అయితే జనం ఊరుకుంటారా. ఇంకో కామెడీ, అసలు రాజుగారి ఇంటిపేరు ఏంటి అని వంశావళి చూసే ఆఫీసుని అడిగితే వాళ్ళకే క్లారిటీ లేదు, వెట్టిన్ కావచ్చు విప్పర్ కావచ్చు అన్నారు. చివరికి రాజుగారి సెక్రటరీ లార్డ్ స్టాంఫర్డమ్ విండ్సర్ అని సూచించాడు, జులై 17న ప్రకటించేశారు. బంధువులందరూ జర్మన్ బిరుదులు వదులుకున్నారు. టెక్ వాళ్ళు, అంటే రాణి మేరీ పుట్టింటివాళ్ళు, కేంబ్రిడ్జ్ అయ్యారు, బాటెన్‌బర్గ్ వాళ్ళు మౌంట్‌బాటన్. లూయిస్‌కి ప్రిన్స్ పోయి మిల్‌ఫర్డ్ హేవెన్ మార్క్విస్ అనే ఇంగ్లీషు బిరుదు వచ్చింది. ఆ రోజుల్లో ఆయన కొడుకింట్లో ఉంటే అతిథుల పుస్తకంలో రాశాడట, వచ్చినది ప్రిన్స్ హైడ్, వెళ్ళినది లార్డ్ జెకిల్ అని (ఒకే మనిషి రెండు రూపాల్లో ఉండే జెకిల్ అండ్ హైడ్ నవల పేర్లు అవి). నవ్వుతూ రాశాడో కడుపు మండి రాశాడో. 1921లో పోయాడు.

పెసరట్టు_ప్రియుడు

నేవీని రెడీగా ఉంచినోణ్ణి పేరు చూసి పీకేశారు. హెచ్‌ఆర్ అన్ని దేశాల్లో ఒకటే.

డౌట్ల_దొర

ఇంతకీ రక్తం లెక్క చూస్తే వైస్రాయ్ మౌంట్‌బాటన్ ఎంత జర్మన్?

పాత_పేపర్

తండ్రి తరఫు హెస్సె, హౌకె. తల్లి తరఫు మళ్ళీ హెస్సెయే, ఆమె తల్లి ఆలిస్, అంటే విక్టోరియా ఆల్బర్ట్‌ల కూతురు, ఆ ఆల్బర్ట్ కోబర్గ్ వాడు, విక్టోరియా తల్లి కూడా కోబర్గే. ఇంగ్లీషు రక్తం వెతకాలంటే భూతద్దం కావాలి. ఒక్క జూలియా తల్లి లఫాంతెన్ కుటుంబం తరఫున కాస్త ఫ్రెంచ్ కలిసింది. దీని మీద ఇంకో పుకారు కూడా ఉంది, ప్రిన్స్ అలెగ్జాండర్ అసలు గ్రాండ్ డ్యూక్ కొడుకే కాదు, తల్లి విడిగా ఉండే రోజుల్లో కొలువులోని ఒక బారన్‌కి పుట్టాడని. డార్మ్‌స్టాట్‌లో అప్పుడే అందరూ అనుకునేవాళ్ళు, గ్రాండ్ డ్యూక్ మాత్రం తన పిల్లాడే అని ఒప్పుకున్నాడు కాబట్టి చట్టం లెక్కలో అంతే. నా ఉద్దేశంలో ఈ రక్తం లెక్కలు కట్టడమే దండగ. పద్నాలుగేళ్ళకి నేవీలో చేరి నలభై ఆరేళ్ళు చేసినవాణ్ణి జర్మనోడన్నారు, అదే నోటితో సగానికి పైగా జర్మన్ అయిన రాజుగారికి జై కొట్టారు.

నైజాం_ముచ్చట్లు

గీ మౌంట్‌బాటనే కదా మా నిజాంతోని బేరాలాడింది. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం అయింది, ఈయన గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడే. దిగిపోయేలోపు హైదరాబాద్ సంగతి మాట్లాడి తేల్చాలని మస్తు కోషిష్ చేసిండు, కాలే. 1948 జూన్ 21న పోయిండు, సెప్టెంబరు 13న పటేల్ పోలీస్ యాక్షన్ పెట్టిండు, ఐదు రోజులల్ల ఖతం. ఉండి ఉంటే ఇంక సాగదీసేటోడు అని మా తాత అనెటోడు.

ఫ్లైట్_మోడ్

సాగదీసేవాడు కాదు, రజాకార్లని వెనకేసుకొచ్చేవాడు. అసలు ఆ టైములో

అడ్మిన్

రజాకార్ల టాపిక్‌కి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే 400 పోస్టులు, తలలు పగలగొట్టుకుంటున్నారు. ఇక్కడ ఇంటిపేరు మాత్రమే. నాలుగు పోస్టులు తీసేశాను.

గోదారి_గట్టు

థాంక్స్ అడ్మిన్ గారు. ఇంకొక్క డౌటు. ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ కూడా మౌంట్‌బాటనే కదా. ఆయన గ్రీసు ప్రిన్స్ అంటారు, మరి ఈ పేరెలా వచ్చింది?

లీడ్స్_లో_లక్ష్మి

అది అమ్మ పుట్టింటి పేరండీ. ఫిలిప్ తల్లి ఆలిస్ మన వైస్రాయ్‌కి సొంత అక్క. 1903లో గ్రీసు ప్రిన్స్ ఆండ్రూని చేసుకుంది. కాబట్టి డిక్కీ ఫిలిప్‌కి మేనమామ. తండ్రి వంశం పేరు ష్లెస్విగ్-హోల్‌స్టైన్-సోండర్‌బర్గ్-గ్లూక్స్‌బర్గ్, అది కూడా జర్మన్ ఊరే, పైగా రేషన్ కార్డులో పట్టదు. 1947 ఫిబ్రవరిలో బ్రిటిష్ పౌరసత్వం తీసుకునేటప్పుడు ఇంటిపేరు కావాలన్నారు. తండ్రి వంశం మూలం ఓల్డెన్‌బర్గ్ కాబట్టి ఓల్డ్‌కాసిల్ అని పెడదాం అన్నారు ముందు. హోం మంత్రికి నచ్చక అమ్మగారి పుట్టింటి పేరు సూచించాడు. లెఫ్టినెంట్ ఫిలిప్ మౌంట్‌బాటన్ అయ్యాడు. విచిత్రం ఏంటంటే ఆ పౌరసత్వం అసలు అక్కర్లేదట, 1705 నాటి చట్టం ఒకటి ఉంది, బ్రిటన్ రాజవంశానికి మూలమైన హానోవర్ సోఫియా వారసులందరూ పుట్టుకతోనే బ్రిటిష్ వాళ్ళే అని. ఆ సంగతి కోర్టులో తేలేసరికి 1957 వచ్చింది.

పెళ్ళయ్యాక గొడవ మొదలైంది. 1952లో రాణి గద్దెనెక్కగానే మా ఇంటిపేరు ఇక మౌంట్‌బాటన్ అన్నట్టు డిక్కీ ఎక్కడో విందులో గొప్పలు పోయాడట, అది రాణిగారి నానమ్మ, ముసలి రాణి మేరీ చెవిన పడి, అప్పటి ప్రధాని చర్చిల్ దాకా వెళ్ళి, ఆ ఏప్రిల్‌లో విండ్సర్ పేరే ఉంటుందని ప్రకటన వచ్చేసింది. పిల్లలకి నా పేరు ఇచ్చుకోలేని మొగాణ్ణి దేశంలో నేనొక్కణ్ణే అని ఫిలిప్ మండిపడ్డాడు. 1960 ఫిబ్రవరిలో రాజీ, రాచబిరుదు లేని వారసులకి మౌంట్‌బాటన్-విండ్సర్. హ్యారీ కొడుకు 2019లో పుడితే ఆర్చీ మౌంట్‌బాటన్-విండ్సర్ అని పెట్టారు. 2025 అక్టోబరులో చార్లెస్ తమ్ముడు ఆండ్రూకి బిరుదులన్నీ పీకేశాక మిగిలింది కూడా ఇదే, ఆండ్రూ మౌంట్‌బాటన్ విండ్సర్.

పెసరట్టు_ప్రియుడు

1851లో జూలియాకి హోదా తక్కువని ఇచ్చిన పేరు, 2025లో హోదా పోయినోడికి మిగిలిన పేరు. ఎవరు రాశార్రా ఈ స్క్రీన్‌ప్లే.

వరంగల్_వాసి

ఎలిజబెత్, ఫిలిప్ 1983 నవంబరుల మన హైదరాబాద్ వచ్చిండ్రు కదా. బొల్లారం హోలీ ట్రినిటీ చర్చికి పోయిండ్రు, నవంబరు 20 వాళ్ళ పెండ్లిరోజు. మా పెదనాయిన అప్పుడు సికింద్రాబాద్ల కొలువు, తొవ్వ మీద నిలబడి చూసిండట. తెల్లదొర మంచిగ చెయ్యి ఊపిండు అంటడు ఇప్పటికి.

డౌట్ల_దొర

డిక్కీకి ఇండియాతో వైస్రాయ్ అవ్వకముందు ఏమన్నా లింకుందా, లేక 1947లోనే దిగాడా?

యుద్ధం_నోట్స్

1921-22లో వేల్స్ యువరాజు ఎడ్వర్డ్ వెంట వచ్చాడు, వాళ్ళ నాన్న వచ్చినట్టే. 1922 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఎడ్వినాకి ప్రపోజ్ చేసింది అప్పటి వైస్రాయ్ బంగళాలోనే, అది ఇప్పుడు ఢిల్లీ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ ఆఫీసు. పాతికేళ్ళకి 1947 మార్చిలో తనే వైస్రాయ్ అయి వచ్చాడు. 1979 ఆగస్టు 27న ఐర్లండ్‌లో ఐఆర్ఏ అనే సాయుధ తిరుగుబాటు సంస్థ వాళ్ళు పడవలో బాంబు పెట్టి చంపారు, ఇండియాలో వారం రోజులు సంతాపం పాటించారు.

గోదారి_గట్టు

బాటెన్‌బర్గ్ అనే పాత పేరుతో ఆ కుటుంబంలో ఇప్పుడు ఎవరన్నా ఉన్నారా?

పాత_పేపర్

లేరు. బల్గేరియా శాఖ హార్టెనౌ అయిపోయింది, అదీ నిలవలేదు. హెన్రీ కొడుకు కారిస్‌బ్రూక్ మార్క్విస్ 1960లో పోయాడు, మగసంతానం లేదు. పాదువాలో పుట్టిన ఫ్రాంజ్ జోసెఫ్ ఇంగ్లండ్ పోలేదు కాబట్టి అతనికి పేరు మార్చాల్సిన పని పడలేదు, 1924లో పిల్లల్లేకుండా పోయాడు. అతని భార్య మాంటెనీగ్రో ఆడపిల్ల అన్నా 1971 దాకా బతికింది, ఆవిడతో ఆఖరు.

మౌంట్‌బాటన్ పేరు మాత్రం ఉంది, వైస్రాయ్ అన్నగారు జార్జ్ వైపు, మిల్‌ఫర్డ్ హేవెన్ శాఖలో. వైస్రాయ్‌కి ఇద్దరూ ఆడపిల్లలే. ఎర్ల్ బిరుదు పెద్దకూతురు ప్యాట్రీషియాకి వెళ్ళేలా ముందే ప్రత్యేకంగా రాయించుకున్నాడు, ఆమె వారసుల ఇంటిపేరు నాచ్‌బుల్. తండ్రి పేరు నిలబెట్టాలని అంత తాపత్రయపడ్డ మనిషికి సొంత శాఖలో ఇంటిపేరు నిలవలేదు, బిరుదు నిలిచింది.

డౌట్ల_దొర

కానీ నా అమెరికా టీమ్‌లో ఒకాయన ఇంటిపేరు బాటెన్‌బర్గ్ అండీ! రాజులకి చుట్టమా అని అడగమంటారా?

డార్మ్‌స్టాట్_డైరీ

అడక్కండి బ్రో, పాపం ఆయన్ని పుట్టినప్పటి నుంచి అందరూ అదే అడిగుంటారు 😀 ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఎవర్నీ బాటెన్‌బర్గ్ అనరు, అందరూ అక్కడివాళ్ళే కదా. వేరే ఊరికి వలస పోయినప్పుడు అక్కడివాళ్ళు అదిగో ఆ బాటెన్‌బర్గ్ నుంచి వచ్చినాయన అంటారు, మధ్యయుగాల్లో ఇంటిపేర్లు కుదురుకునే రోజుల్లో అలా అతుక్కుపోయినవి జర్మనీలో బోలెడు. హెస్సెలో ఇప్పటికీ ఈ ఇంటిపేరున్న మామూలు కుటుంబాలు ఉన్నాయి. మీ కొలీగ్ పూర్వీకులు నిజంగానే ఆ ఊరి నుంచి నడిచి బయటికొచ్చిన వాళ్ళయ్యుంటారు, ప్రిన్స్‌ల కంటే వాళ్ళకే ఆ పేరు మీద హక్కెక్కువ. అడిగితే వాళ్ళ పెద్దలు ఏ ఊరి చర్చి రిజిస్టర్‌లో ఉన్నారో అడగండి, జర్మన్ వంశవృక్షం వెతకాలంటే ఇంటిపేరు పట్టుకుంటే లాభం లేదు, ఊరు దొరకాలి. 1600ల మధ్య నుంచి బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ చర్చి పుస్తకాల్లో రాసిపెట్టుంటాయి, పాత రాత చదవడం నేర్చుకోవాలి గానీ చాలావరకు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఊరి పేరు తెలిస్తే ఇక్కడ పోస్ట్ చేయండి, నేను చూస్తా.